రైలు ఎక్కడ కలిస్తే అక్కడ రాజధాని: చైనా ప్రావిన్సుల కథ

(గ్రంథాలయం హాల్లో చైనా మీద జరుగుతున్న ఉపన్యాసాల్లో ఇది మూడోది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. చైనాలో మీకు ఎన్ని ఊళ్ల పేర్లు తెలుసు? బీజింగ్, షాంఘై. ఆ తర్వాత? వుహాన్, అవును, కరోనా పుణ్యమా అని అది తెలియనివాళ్లు లేరు. ఇంకా? ఇంట్లో పిల్లలో, చుట్టాల పిల్లలో ఎంబీబీఎస్‌కి వెళ్లినవాళ్లయితే ఇంకో పేరు చెప్పగలరు. నాన్‌జింగ్ అనో, జెంగ్‌జౌ అనో, షెన్‌యాంగ్ అనో. మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లిన ఆ ఊళ్లలో చాలావరకు ప్రావిన్సు రాజధానులే. ఎందుకంటే పెద్ద మెడికల్ యూనివర్సిటీలు, వాటి పక్కన పెద్ద ఆస్పత్రులు ఉండేది ఎక్కువగా అక్కడే. ఎందుకు అక్కడే ఉన్నాయి? ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ 'ఎందుకు' గురించే.

బీజింగ్ జోలికి, షాంఘై జోలికి పోను. అవి ప్రావిన్సు రాజధానులు కావు. బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్, చోంగ్‌చింగ్, ఈ నాలుగూ నేరుగా కేంద్రం కింద ఉండే నగరాలు. హాంకాంగ్, మకావ్ లెక్క వేరు. తైవాన్ సంగతి పక్కన పెడితే మిగిలేవి 22 ప్రావిన్సులు, టిబెట్, షిన్‌జియాంగ్ లాంటి 5 స్వయంప్రతిపత్తి ప్రాంతాలు. అంటే 27 రాజధానులు. అన్నీ చెప్పను, భయపడకండి. నాలుగైదు ఊళ్ల దగ్గర నిలబడదాం.

హెనాన్ ప్రావిన్సు తీసుకోండి. పది కోట్లకు కాస్త తక్కువ జనం. దీనికి మొదట రాజధాని కైఫెంగ్. మామూలు ఊరు కాదది. క్రీ.శ. 960 నుంచి 1127 దాకా ఉత్తర సోంగ్ వంశానికి రాజధాని. ఆ రోజుల్లో ప్రపంచంలో అతి పెద్ద నగరాల్లో ఒకటి. మరి అలాంటి ఊరిని వదిలేసి, 1954లో ప్రభుత్వాన్ని మొత్తం జెంగ్‌జౌకు తరలించారు. ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి నీళ్లు, ఒకటి రైలు.

నీళ్ల సంగతి ముందు. పసుపు నది పేరు మీరు వినే ఉంటారు. హ్వాంగ్‌హో. బోలెడంత ఒండ్రు మోసుకొస్తుంది. ఆ ఒండ్రు అడుగున పేరుకుంటుంది. నది అడుగు పైకి లేస్తుంది. అది లేచిన కొద్దీ జనం గట్లు పెంచుకుంటూ పోతారు. వందల ఏళ్లు ఇదే పని. చివరికి ఏమైంది? కైఫెంగ్ దగ్గర నది అడుగు ఊరి నేల కన్నా ఎన్నో మీటర్లు ఎత్తున ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, నీటి మట్టం కాదు, నది అడుగు. నదికి వెళ్లాలంటే దిగం, ఎక్కుతాం. గట్టు తెగితే ఊరి గతేమిటో మీరే ఊహించుకోండి. 1642లో ముట్టడి జరుగుతున్న సమయంలో గట్టు తెంపారు. ఊళ్లో జనం చాలామంది పోయారు. ఇప్పటి కైఫెంగ్ కింద పాత కైఫెంగ్‌లు ఒకదాని మీద ఒకటి బురదలో పూడిపోయి ఉన్నాయి. తవ్వితే వరస వరసగా బయటపడుతున్నాయి.

ఇప్పుడు రైలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బీజింగ్ నుంచి హాంకౌకు, అంటే ఇప్పటి వుహాన్‌కు, పట్టాలు వేస్తున్నారు. మధ్యలో పసుపు నది దాటాలి. కైఫెంగ్ దగ్గర నది వెడల్పు, ఇసుక నేల, వరద భయం. వంతెన కాలు నిలవదు. పడమటికి వెళ్తే నది ఒడ్డున కొండ ఉంది, గట్టి నేల దొరుకుతుంది. అక్కడ వంతెన కట్టారు. 1906లో రైలు నడిచింది. ఆ వంతెన దిగితే తగిలే చిన్న ఊరు జెంగ్‌జౌ. తర్వాత నాలుగైదేళ్లలోపే కైఫెంగ్ నుంచి లువోయాంగ్‌కు తూర్పు పడమరగా ఇంకో లైను వచ్చింది. ఆ రెండూ కలిసింది జెంగ్‌జౌలో. అంతే. మన గుంతకల్లు ఎలా పెరిగింది? రైలుతో పెరిగింది. అలాంటి జంక్షన్‌ని తీసుకెళ్లి పది కోట్ల మందికి రాజధానిని చేస్తే ఎలా ఉంటుందో, జెంగ్‌జౌ కథ అది.

జెంగ్‌జౌ నడిబొడ్డున ఒక జంట గోపురం ఉంది. 1923 ఫిబ్రవరిలో రైల్వే కార్మికులు సమ్మె చేశారు, దాన్ని తుపాకులతో అణిచేశారు. వాళ్ల జ్ఞాపకంగా 1971లో కట్టిన గోపురం అది. ఊరికి గుర్తు ఏమిటయ్యా అంటే గుడి కాదు, కోట కాదు, రైల్వే కార్మికుల స్తూపం. ఇప్పుడు దాని చుట్టూ షాపింగ్ మాల్స్. ఎంత చెప్పినా ఆ ఊరి స్వభావం దాచుకుంటే దాగదు. అది కూడలి. 2010 నుంచి అక్కడ ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ కర్మాగారం ఉంది. హైస్పీడ్ రైళ్లు కూడా ఎనిమిది దిక్కులకూ అక్కడి నుంచే వెళ్తాయి.

మరి కైఫెంగ్ ఏమైంది? ఆఫీసులు పోయాయి, ఆఫీసర్లు పోయారు, వాళ్ల వెనకే కర్మాగారాలు పోయాయి. చాలాకాలం అది పాత గోపురాలు చూపించుకునే ఊరుగానే ఉండిపోయింది. అయితే 2024లో ఒక తమాషా జరిగింది. పేపర్లో చదివే ఉంటారు. జెంగ్‌జౌ కాలేజీ పిల్లలు కొందరు రాత్రిపూట అద్దె సైకిళ్లెక్కి కైఫెంగ్‌కు వెళ్లారు. ఎందుకు? అక్కడ రసం నిండిన బన్నులు బాగుంటాయి, వాటికోసం! యాభై కిలోమీటర్ల పైమాట. సోషల్ మీడియాలో పెట్టారు. ఇక చూడండి, నవంబర్ నాటికి వేలల్లో కాదు, ఒక్క రాత్రే లక్ష మందికి పైగా బయల్దేరారు. రోడ్డు మొత్తం సైకిళ్లు. ఆఖరికి పోలీసులు ఆపాల్సి వచ్చింది. మొదట్లో కైఫెంగ్ అధికారులు వాళ్లకు స్వాగతం పలికారు. పలకరా మరి? కొత్త రాజధాని కుర్రాళ్లు పాత రాజధాని గుమ్మం తొక్కడానికి వస్తున్నారాయె.

నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. పాత రాజధాని, కొత్త రాజధాని అనగానే మీ మనసు ఎటు పోయిందో కూడా తెలుసు. నేను చైనా గురించే మాట్లాడతానని నిర్వాహకులకు మాటిచ్చాను, అంచేత అటు రాను.

ఇంకో ఊరు చూద్దాం. షిజియాజువాంగ్. నోరు తిరగడం కష్టమే. బీజింగ్ చుట్టూ ఉండే హెబెయ్ ప్రావిన్సుకు రాజధాని. ఇది 1900 నాటికి ఒక పల్లెటూరు. పల్లె అంటే నిజంగా పల్లె.

బీజింగ్ లైను దీని పక్క నుంచి వెళ్లింది. షాన్షీ ప్రావిన్సు బొగ్గును బయటికి తేవడానికి తాయ్‌యువాన్ నుంచి ఇంకో లైను వేశారు. ఆ లైను అసలు ఉత్తరాన జెంగ్‌దింగ్ అనే పాత పట్నం దగ్గర కలవాలి. కానీ మధ్యలో హుటువో నది అడ్డం. వంతెన ఖర్చెందుకని నదికి ఇవతలే ఆపేశారు. ఆగింది ఈ పల్లె దగ్గర. 1907 సంగతి ఇది.

ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. ఆ బొగ్గు లైను మీటర్ గేజ్. బీజింగ్ లైను అంతకన్నా వెడల్పు గేజ్. గేజ్ మార్పిడి అంటే ఏమిటో ఈ హాల్లో పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒక బండి ఇంకో పట్టాల మీద నడవదు. కాబట్టి కొండల్లోంచి వచ్చిన ప్రతి బొగ్గు వ్యాగన్‌నూ అక్కడ దింపాలి, పారలతో, గంపలతో ఇంకో బండిలోకి ఎక్కించాలి. దానికి కూలీలు కావాలి. కూలీలకు గుడిసెలు కావాలి, తిండి కావాలి, టీ కొట్లు కావాలి. సరుకు ఆగిన చోట వ్యాపారి వస్తాడు, వ్యాపారి వచ్చిన చోటికి బ్యాంకు వస్తుంది. రెండు గేజ్‌ల మధ్య తేడా ఒక ఊరిని పుట్టించింది.

రాజధాని మాత్రం వెంటనే రాలేదు. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక హెబెయ్ రాజధాని బావోదింగ్. 1958లో తియాన్‌జిన్‌ను హెబెయ్‌లో కలిపి దాన్ని రాజధాని చేశారు. 1966లో మళ్లీ బావోదింగ్. మర్నాడే తియాన్‌జిన్‌ను మళ్లీ కేంద్రం కిందకు తీసేసుకున్నారు. మర్నాడంటే మర్నాడు కాదులెండి, 1967లో. మావో 1966లో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవం గొడవల్లో బావోదింగ్ అట్టుడికిపోతోంది. 1968లో షిజియాజువాంగ్. ఇరవై ఏళ్లలో మూడు మార్పులు! ఫైళ్లు మోసినవాళ్ల సంగతి ఆలోచించండి. ఇల్లు సర్దుకునేలోపు మళ్లీ లారీ.

ఈ షిజియాజువాంగ్‌తో మనకూ ఒక లంకె ఉంది. 1950ల్లో అక్కడ ప్రభుత్వం పెద్ద మందుల కర్మాగారం కట్టింది. చైనా పెన్సిలిన్ పరిశ్రమ వేళ్లూనుకున్న చోట్లలో అదొకటి. మన దేశంలో పెన్సిలిన్‌కి కావాల్సిన ముడిసరుకు ఎన్నో ఏళ్లపాటు దాదాపు మొత్తం చైనా నుంచే వచ్చేది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఆ ముడిసరుకు, అంటే పెన్సిలిన్-జి, తయారుచేసే ప్లాంటు మన కాకినాడ దగ్గర ఈ మధ్యనే మొదలైంది.

ఈ రెండు ఊళ్లే కాదు. చాంగ్‌చున్ 1954లో జిలిన్ ప్రావిన్సుకు రాజధాని అయింది. హార్బిన్, రష్యావాళ్లు 1898లో రైలు పని మొదలుపెట్టడంతో పుట్టిన ఊరు, అదే 1954లో హెయ్‌లోంగ్‌జియాంగ్‌కు రాజధాని అయింది. గ్వాంగ్‌షీలో అంతకుముందే, 1950లో, గుయ్‌లిన్ నుంచి నాన్‌నింగ్‌కు మార్చారు. కొత్త ప్రభుత్వానికి పరిశ్రమలు కావాలి, రవాణా కావాలి, ప్రావిన్సు మొత్తం అందుబాటులో ఉండాలి. ఘనమైన చరిత్ర ఉందా లేదా అన్నది వాళ్లు చూడలేదు. ఎవరినీ ఓటింగ్ కూడా అడగలేదు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, కదిలారు.

సరే, ఉత్తర్వుతో రాజధాని వస్తుంది. ఉత్తర్వుతో ఊరు బాగుపడుతుందా? ఇది అసలు ప్రశ్న. దీనికి హెఫెయ్ కన్నా మంచి జవాబు నాకు కనబడలేదు.

హెఫెయ్ అన్‌హుయ్ ప్రావిన్సులో ఉంది. 1949లో అదొక చిన్న పట్నం, సుమారు అరలక్ష జనం. అన్‌హుయ్‌కి అంతకుముందు రాజధాని యాంగ్జీ నది ఒడ్డున ఉన్న ఆన్‌చింగ్. పడవల రోజుల్లో దానికి దర్జా ఉండేది. 1952లో హెఫెయ్‌ని ఎంచుకున్నారు, ప్రావిన్సుకు నట్టనడుమ ఉంది గనక. చాలా ఏళ్లు అది పేద ప్రావిన్సుకు పేద రాజధాని. చుట్టుపక్కలవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

1970లో ఒక మలుపు. బీజింగ్‌లో ఉన్న చైనా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని రాజధాని నుంచి బయటికి పంపించాలన్నారు. మొదట ఆన్‌చింగ్‌కు వెళ్లింది. అక్కడ వసతులు చాల్లేదు. హెఫెయ్ చోటిచ్చింది. వింతగా లేదూ? పాత రాజధాని చేజారిన యూనివర్సిటీ కొత్త రాజధానికి అదృష్టంగా మారింది. ఈ రోజు క్వాంటమ్ పరిశోధన అంటే చైనాలో హెఫెయ్ పేరే చెప్తారు.

తర్వాత 2008. బీఓఈ అనే కంపెనీ, టీవీ ప్యానెళ్లు చేస్తుంది, నష్టాల్లో ఉంది. కొత్త ఫ్యాక్టరీకి 1,750 కోట్ల యువాన్లు కావాలంది. ఏ ఊరైనా భయపడే మొత్తం. హెఫెయ్ నగరపాలన భాగస్వామిగా దిగింది. ఆ డబ్బుకోసం మెట్రో రైలు పనులు వెనక్కి నెట్టారని అక్కడ చెప్పుకుంటారు. మెట్రో మొదటి లైను 2016 చివరికిగానీ రాలేదు. 2020లో నియో అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ దివాలా అంచున ఉంటే 700 కోట్ల యువాన్లు పెట్టారు. కంపెనీ కోలుకుంది, షేరు ధర పెరిగింది. ఇప్పుడు హెఫెయ్‌ని చైనావాళ్లు సరదాగా అంటారు, నగరపాలన ముసుగేసుకున్న పెట్టుబడి కంపెనీ అని. 2020 జనగణన నాటికి 93 లక్షల జనం.

ఇదంతా తెలివేనా? తెలివి ఉంది. కానీ రాజధాని కాకపోతే ఆ తెలివికి డబ్బెక్కడిది? ఇది గమనించాలి. చైనాలో ఊరికి అసలు పెద్ద మేయర్ కాదు, కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి. రాజధాని నగరపు కార్యదర్శి సాధారణంగా ప్రావిన్సు పార్టీ స్థాయీ సంఘంలో సభ్యుడు. అంటే ప్రావిన్సు మొత్తానికీ ఏది ఎక్కడ పెట్టాలో తేల్చే గదిలో ఆయనకు కుర్చీ ఉంటుంది. పక్క ఊరి కార్యదర్శి బయట నిలబడతాడు. మరి కొత్త ఆస్పత్రి, కొత్త విమానాశ్రయం, కొత్త రైలు ఎటు పోతాయి? చెప్పక్కర్లేదు.

కావాలంటే పక్క ఊళ్లను కూడా కలిపేసుకోవచ్చు. ఇక్కడో సంగతి తెలియాలి. చైనా లెక్కల్లో నగరం అంటే పట్నం ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న కౌంటీలు (మన పాత తాలూకాల్లాంటివి), పల్లెలు, వరి పొలాలు, కొండలు అన్నీ కలిపి. సిచువాన్ రాజధాని చెంగ్డు విస్తీర్ణం 14 వేల చదరపు కిలోమీటర్ల పైన, మన పాత కృష్ణా జిల్లా కన్నా ఎంతో ఎక్కువ. 2.09 కోట్ల జనం అంటే ఆ మొత్తానికీ లెక్క. కొత్త విమానాశ్రయం కోసం ఎంచిన స్థలం జియాన్‌యాంగ్ కౌంటీలో పడింది. అది జీయాంగ్ అనే పక్క నగరం కింద ఉండేది. ఏం చేశారు? 2016లో ఆ కౌంటీని చెంగ్డు కిందకు మార్చారు. 2021లో విమానాశ్రయం తెరిచారు. జీయాంగ్ చేతిలోంచి బలమైన కౌంటీ జారిపోయింది. 2011లో హెఫెయ్ పక్కనున్న చావోహు నగరాన్ని అసలు రద్దే చేసి మూడు ముక్కలుగా పంచారు, పెద్ద సరస్సు హెఫెయ్‌కి వచ్చింది. 2019లో లైవు అనే నగరాన్ని మొత్తంగా షాన్‌డాంగ్ రాజధాని జినాన్‌లో కలిపేశారు, ఉక్కు కర్మాగారంతో సహా.

ఫలితం ఏమిటి? కొన్ని అంకెలు చెప్తాను, నాలుగే. 2020 జనగణన ప్రకారం చింగ్‌హాయ్ ప్రావిన్సు జనంలో 42 శాతం ఒక్క శినింగ్‌లో ఉన్నారు. జిలిన్‌లో 38 శాతం చాంగ్‌చున్‌లో. సిచువాన్‌లో నాలుగో వంతు చెంగ్డులో. అదే షాన్‌డాంగ్‌లో? జినాన్ వాటా 9 శాతం. చూశారా తేడా. పడమర, ఈశాన్యం ప్రావిన్సుల్లో రాజధానే సర్వస్వం. తూర్పు తీరంలో అలా కాదు.

తూర్పు తీరంలో రాజధానికి పోటీ ఉంటుంది. జినాన్ కన్నా సముద్రం ఒడ్డునున్న చింగ్‌దావ్ పెద్ద ఆర్థిక శక్తి. జియాంగ్‌సు రాజధాని నాన్‌జింగ్, కానీ డబ్బు ఎక్కువ సుజౌలో ఉంది. అందులోనూ నాన్‌జింగ్ ప్రావిన్సు అంచున కూర్చుంది, పక్కనే అన్‌హుయ్. అటువైపు జనం ఆస్పత్రికైనా, షాపింగ్‌కైనా నాన్‌జింగే వస్తారు. దాంతో నాన్‌జింగ్ అసలు అన్‌హుయ్‌కే రాజధాని అని ఎకసెక్కం. పాపం, హెఫెయ్ అంత కష్టపడింది అందుకేనేమో!

నా అభిప్రాయం అడిగితే, ఒక్క ఊరినే మేపడంలో ప్రమాదం ఉంది. వుహాన్ చూడండి. హుబెయ్‌లో పెద్ద ఆస్పత్రులు, యూనివర్సిటీలు, రైళ్లు, నది వంతెనలు, అన్నీ అక్కడే పోగుపడ్డాయి. 2020 జనవరి 23న వుహాన్‌ను మూసేశారు, ఏప్రిల్ 8 దాకా. ఆ ఊరు మూతపడగానే ప్రావిన్సు మొత్తానికి ఊపిరాడలేదు. తిరుపతి ప్యానెల్ ఫ్యాక్టరీ కోసం శిక్షణకని వెళ్లిన మన తెలుగు ఇంజనీర్లు కూడా అక్కడ చిక్కుకున్నారు, గుర్తుండే ఉంటుంది. ఇళ్ల దగ్గర తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ ఏడాదే షీ జిన్‌పింగ్ పేరుతో పార్టీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, మధ్య, పడమటి ప్రావిన్సుల్లో ఒకే నగరం పెరిగిపోకుండా ఒకటికి మించి కేంద్రాలు పెంచాలని ఉంది. మాట బాగానే ఉంది. కానీ రాజధాని కార్యదర్శి కుర్చీ అదే గదిలో ఉన్నంతకాలం ఎంతవరకు జరుగుతుందో నాకు అనుమానమే.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ, ముందు వరసలో అన్నగారు. షెన్‌జెన్ అంత పెద్దదయింది గదా, దాన్నే గ్వాంగ్‌డాంగ్ రాజధాని చేయొచ్చుగా అంటున్నారు.

మంచి ప్రశ్న. షెన్‌జెన్ గ్వాంగ్‌జౌ కన్నా ధనిక నగరం, నిజమే. కానీ దానికి రాజధాని హోదా అక్కర్లేదండీ. చైనాలో ఐదు నగరాలకు ఒక ప్రత్యేక వెసులుబాటు ఉంది: షెన్‌జెన్, చింగ్‌దావ్, దాలియాన్, నింగ్‌బో, శ్యామెన్. వీటి పన్నుల లెక్క ప్రావిన్సును దాటుకుని నేరుగా కేంద్రంతో తేలుతుంది. ఒకప్పుడు వుహాన్, చెంగ్డు, షియాన్ లాంటి కొన్ని రాజధానులకూ ఇది ఉండేది. 1990ల మొదట్లో రాజధానుల నుంచి తీసేశారు. తమ ఇంట్లో ఉన్న ఊరు తమతో కాకుండా బీజింగ్‌తో లెక్కలు చూసుకోవడం ప్రావిన్సు ప్రభుత్వాలకు నచ్చలేదు మరి. ఇప్పుడు షెన్‌జెన్ రాజధాని అయితే ఆ వెసులుబాటు ఉంటుందా? ఉండదనే అనుకోవాలి. చేతిలో ఉన్న పన్ను డబ్బు వదులుకుని, ప్రావిన్సు ఆఫీసులన్నిటికీ స్థలం ఇచ్చి, మారుమూల కొండ కౌంటీల బాధ్యత నెత్తికెత్తుకోవాలని షెన్‌జెన్ మేయర్ ఎందుకు కోరుకుంటాడు, మీరే చెప్పండి.